తెర, నేల, కంచె: తెలుగునాట ఆరుబయట చలనచిత్ర ప్రదర్శనల చరిత్ర

వ్యాససంగ్రహం

నగరాల్లోని పచ్చికబయళ్లలోనూ, మేడలపైనా, కార్లు నిలిపే ఖాళీ స్థలాల్లోనూ ఒక సాయంత్రానికి తెర కట్టి సినిమా చూపే పద్ధతి ఇటీవల మన దగ్గరా ప్రచారంలోకి వచ్చింది. దీన్ని కొత్త వినోదంగా పరిచయం చేయడం పరిపాటి. అయితే తెలుగువారికి సినిమా తొలుత పరిచయమైన మార్గాల్లో ఇటువంటి తాత్కాలిక ప్రదర్శన ముఖ్యమైనది. తోలుబొమ్మలాట తెర, టూరింగు టాకీసు డేరా, ప్రభుత్వ ప్రచార వాహనం, పండుగ పందిరి, నేటి పచ్చికబయలు అనే అయిదు దశల్లో ఈ చరిత్రను పరిశీలించి, ప్రతి దశలోనూ ప్రేక్షకుణ్ణి నిర్ణయించింది తెర కాదనీ, తెర చుట్టూ గీసిన కంచె అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదు శివారులోని పహాడీ షరీఫ్ - శంషాబాద్ ప్రాంతాన్ని ఈ చర్చకు నేటి సందర్భంగా స్వీకరించాను.

కీలక పదాలు: ఆరుబయట ప్రదర్శన, టూరింగు టాకీసు, తోలుబొమ్మలాట, నేల తరగతి, ప్రదర్శనస్థలం, పహాడీ షరీఫ్

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా చరిత్రను మనం ఎక్కువగా చిత్రాల చరిత్రగా రాసుకున్నాం. 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ', 1932లో 'భక్త ప్రహ్లాద' అంటూ మొదలై నిర్మాతలు, దర్శకులు, నటీనటుల వరుసగా ఆ చరిత్ర సాగుతుంది. చిత్రాన్ని తీసినవారి గురించి ఇంత శ్రద్ధ కనిపించే చోట, దాన్ని ఊరూరా మోసుకెళ్లి చూపినవారి గురించి, ఏ నేలమీద కూర్చుని ఎవరు చూశారన్నదాని గురించి చెప్పుకున్నది తక్కువ. ప్రదర్శనస్థలాన్ని వదిలి సినిమా చరిత్ర రాయడం ఒక విధంగా నేల విడిచి సాము చేయడమే.

ఈ లోటును గుర్తించిన పరిశోధనలు లేకపోలేదు. దక్షిణ భారతదేశంలో మూకీ చిత్రాల కాలపు ప్రదర్శనలను స్టీఫెన్ హ్యూస్ చికాగో విశ్వవిద్యాలయ సిద్ధాంతగ్రంథంలో ప్రధానాంశంగా స్వీకరించారు. థియొడోర్ భాస్కరన్ తొలి సంచార ప్రదర్శకుల కృషిని నమోదు చేశారు. తెలుగు సినిమా ప్రేక్షకుల గురించి ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పని, సినిమా హాలును కేవలం వినోదస్థలంగా గాక హక్కుల కోసం పెనుగులాడే ప్రజాస్థలంగా చూడవచ్చునని తెలిపింది. ఈ వ్యాసం ఆ ఆలోచనను హాలు గోడల బయటికి, అంటే గోడలు లేని ప్రదర్శన దగ్గరికి తీసుకువెళ్లే ప్రయత్నం.

ఇక్కడ 'కంచె' అనే మాటను విస్తృతార్థంలో వాడుతున్నాను. ఆరుబయట సినిమాకు గోడలుండవు గనుక అది అందరిదీ అనుకోవడం సహజం. కాని చూపే ప్రతివాడూ మూడు విషయాలను అదుపులో ఉంచుకోవలసి వస్తుంది. మొదటిది తెరమీది వెలుగు ఎవరి కంట పడాలన్నది. రెండవది శబ్దం ఎవరి చెవిన పడాలన్నది. మూడవది ఆ నేలమీద ఎవరు కూర్చోవాలన్నది. ఈ మూడింటిలో దేన్ని మూశారు, దేన్ని తెరిచి ఉంచారు అన్నదాన్ని బట్టి ఒక్కో కాలపు ప్రేక్షకసమూహం రూపొందింది.

2. యంత్రానికి ముందున్న తెర

రాత్రివేళ తెల్లని గుడ్డ కట్టి, వెలుగు సాయంతో కథ చూపడం తెలుగువారికి సినిమా నేర్పిన విద్య కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపం, తెరకు ఆనించిన రంగుల బొమ్మ, తెర ముందు నేలమీద ఊరు ఉంటాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల జాగరణను వర్ణిస్తూ, వస్త్రం చాటున భారతాది కథలను బొమ్మలతో ఆడించేవారిని పేర్కొన్నాడు. తెరకూ, రాత్రికీ, యాత్రాస్థలంలో గుమికూడిన జనానికీ గల సంబంధం మన సాహిత్యంలో ఎంత పాతదో ఈ ప్రస్తావన తెలియజేస్తుంది.

తోలుబొమ్మలాటకు టికెట్టు లేదు. ఆటగాళ్లకు గ్రామం ఇచ్చే ధాన్యమో, పెద్దల సంభావనో ఆధారం. కనుక వెలుగుకు గాని, శబ్దానికి గాని కంచె అవసరం రాలేదు. అయినా ఆ నేల సమానమైనదని చెప్పలేం. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు దూరంగా నిలబడాలి అన్నది ఊరి కులవ్యవస్థ ముందే నిర్ణయించి ఉంచింది. కంటికి కనిపించని కంచె అది.

టికెట్టుతో కూడిన సంచార రంగస్థలం 19వ శతాబ్ది చివర స్థిరపడింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన వనారస కుటుంబాల నాటక సమాజం, రంగస్థలాన్నీ తెరలనూ సామానునూ బండ్లకెత్తి ఊరూరా తాత్కాలిక నాటకశాలలు నిలిపింది. చుట్టూ దడి కట్టడం, ద్వారం దగ్గర టికెట్టు ఇవ్వడం, తరగతుల వారీగా కూర్చోబెట్టడం, కొన్నాళ్లాడి మరో ఊరికి తరలిపోవడం వంటి పద్ధతులు ఈ సమాజాలకు బాగా అలవడినవే. ఆ పద్ధతులనే సినిమా డేరాల్లోనూ చూస్తాం. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి ఆ సమాజం నుంచి వచ్చినవారే. సురభి నుంచి సినిమాకు నటులు వెళ్లిన సంగతి అందరికీ తెలుసు. ఊరూరా తిరిగి నేలను నాటకశాలగా మార్చే విద్య కూడా సంచార సమాజాల నుంచి సినిమాకు సంక్రమించిందన్నది అంతగా గుర్తించని విషయం.

3. డేరా: టికెట్టు, లైసెన్సు, గుడ్డగోడ

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరుల ప్రదర్శన, 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో ప్రదర్శన జరిగాయి. ఆ రెండూ నాలుగు గోడల మధ్య జరిగినవే. కాని సినిమా నగరం దాటి జనంలోకి వెళ్లింది డేరాలతో. అబ్దులల్లీ ఇసూఫల్లీ 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఆగ్నేయాసియాలోనూ, 1908 నుంచి భారతదేశంలోనూ డేరాతో పర్యటించాడు. సుమారు వెయ్యిమంది పట్టే ఆ డేరా 100 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉండేదని ఎరిక్ బార్నో, ఎస్. కృష్ణస్వామిల గ్రంథం నమోదు చేసింది. తిరుచిరాపల్లి రైల్వే ఉద్యోగి స్వామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచివాడి వద్ద పరికరాలు కొని దక్షిణాదిన సంచార ప్రదర్శకుడయ్యాడు. మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఛాయాచిత్రకారుడిగా స్థిరపడి, 1910 ప్రాంతంలో బొమ్మకు గ్రామఫోను ధ్వనిని జతచేసే 'క్రోనో మెగాఫోన్' యంత్రాన్ని తెప్పించి, దానితో దేశంలోనూ బర్మా, సింహళాల్లోనూ ప్రదర్శనలిచ్చాడు. తెలుగు సినిమా పితామహుడిగా మనం గౌరవించే వ్యక్తి చిత్రనిర్మాణానికి పూనుకోక ముందు సంచార ప్రదర్శకుడు. మద్రాసులో గెయిటీ థియేటరు కట్టింది ఆ అనుభవంతోనే.

డేరాను ప్రభుత్వాలు ఎందుకు అనుమానంగా చూశాయో తెలియాలంటే నాటి ఫిల్ము స్వభావం తెలియాలి. అప్పటి ఫిల్ము సెల్యులోజ్ నైట్రేట్‌తో తయారయ్యేది. అది నిప్పురవ్వ తగిలితే భగ్గున మండే పదార్థం. 1897 మే 4న పారిస్‌లో ఒక ధర్మార్థ సంతలో సినిమా యంత్రపు దీపం వద్ద పుట్టిన మంట నూరుమందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రపంచవ్యాప్తంగా సినిమా చట్టాలకు ఈ భయం ఒక మూలం. బ్రిటిష్ ఇండియాలో 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం రెండు పనులు ఒకేసారి చేసింది. చిత్రానికి ధ్రువపత్రం, ప్రదర్శనస్థలానికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అగ్నిభయం పేరిట స్థలమూ, నీతిభయం పేరిట కథా ప్రభుత్వ అదుపులోకి వచ్చాయి. నిజాం సంస్థానానికి ఈ చట్టం నేరుగా వర్తించలేదు గాని, అక్కడ ప్రభువు ఆజ్ఞే చాలు. హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ స్థాపించి చిత్రాలు తీసిన ధీరేన్ గంగూలీ, 1924లో 'రజియా బేగం' చిత్రాన్ని ప్రదర్శించినందుకు సంస్థానం విడిచి వెళ్లవలసి వచ్చింది.

శాశ్వత హాళ్లు పట్టణాల్లో మెల్లగా వెలిశాయి. 1921లో విజయవాడలో పోతిన శ్రీనివాసరావు నిర్మించిన మారుతి హాలు కోస్తాంధ్రలో మొదటిదిగా ప్రసిద్ధం. అయితే గ్రామాలకు మాత్రం ఆ తర్వాత అనేక దశాబ్దాల పాటు టూరింగు టాకీసే సినిమా. 1939 నాటి మద్రాసు వినోదపు పన్ను చట్టం ప్రతి టికెట్టునూ లెక్కలోకి తెచ్చింది. 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టం, దాని కింద వచ్చిన నియమాలు సంచార ప్రదర్శనకు పరిమిత కాలపు లైసెన్సులిచ్చాయి. గడువు తీరగానే డేరా కదలాలి. టూరింగు టాకీసు ఊరూరా తిరగడంలో వ్యాపారమెంత ఉందో, చట్టం విధించిన నిర్బంధమూ అంతే ఉంది.

డేరా లోపలి అమరికను గమనిస్తే ఈ నియంత్రణ స్పష్టమవుతుంది. కరెంటు లేని ఊళ్లలో ఆయిలింజనుతో డైనమో తిప్పేవారు. యంత్రం తరచుగా ఒక్కటే ఉండేది గనుక రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. విరామం కథను బట్టి గాక రీలు నిడివిని బట్టి వచ్చేది. పగలంతా ఎడ్లబండికి బొమ్మలు కట్టి, డప్పుతో, కరపత్రాలతో ఊళ్లు తిరిగి ప్రచారం చేసేవారు. పొద్దు గుంకగానే లౌడుస్పీకరులో ఘంటసాల గొంతున వేంకటేశ్వర భక్తిగీతం మొదలైతే చుట్టుపక్కల పల్లెలకు ఆట వేళ తెలిసేది. లోపల తాడో, తడికో, అడ్డగోడో కట్టి స్త్రీలకు వేరు స్థలం ఏర్పరచేవారు.

ఇక్కడే ఒక ముఖ్యవిషయం గమనించాలి. డేరా గుడ్డ వెలుగును దాచగలిగింది గాని శబ్దాన్ని దాచలేకపోయింది. టికెట్టు కొనలేనివాడు డేరా బయట కూర్చుని సినిమా మొత్తం వినేవాడు. మాటలూ, పాటలూ, పద్యాలూ ఊరంతటి సొత్తయ్యాయి. తెలుగు సినిమా పాట, సంభాషణ జనం నోళ్లలో నాటుకోవడానికి గ్రామఫోను, రేడియోలతో పాటు ఈ కారుతున్న డేరా కూడా కారణమని నా ప్రతిపాదన. కంచె అసంపూర్ణం కావడమే ఇక్కడ సంస్కృతికి మేలు చేసింది.

4. పదాల్లో నిలిచిన చరిత్ర

డేరాలు చాలావరకు అంతరించినా, వాటి కాలం తెలుగు వాడుకలో నిలిచి ఉంది. సాహిత్య విద్యార్థికి ఇది తిరుగులేని ఆధారసామగ్రి.

సినిమాను జనం 'బొమ్మ' అంటారు. సినిమా మొదలైతే 'బొమ్మ పడింది' అంటారు. ఒక్కో ప్రదర్శన ఒక్కో 'ఆట'. గోడపత్రికల్లో 'రోజూ 4 ఆటలు' అన్న వాడుక తోలుబొమ్మలాట, వీధిభాగవతాల పరిభాషకు కొనసాగింపు. యక్షగానంలో పాత్ర ప్రవేశానికి ముందు ఇద్దరు పట్టుకునే గుడ్డ 'తెర'. సినిమా వచ్చాక అదే 'వెండితెర' అయింది. కొత్త యంత్రానికి మనవాళ్లు కొత్త పేర్లు వెతుక్కోలేదు. అది తమకు తెలిసిన ఆటల కుటుంబంలోనిదేనని పోల్చుకున్నారు.

మరో విశేషం ఆటల లెక్క. ఉదయపు ఆట, మ్యాట్నీ అయ్యాక సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో పడేదాన్ని నేటికీ 'మొదటి ఆట' అంటాం, ఆ తర్వాతిది 'రెండో ఆట'. రోజులో మూడవదాన్ని మొదటిదనడం అంకెల ప్రకారం తప్పే. కాని సినిమాకు చీకటి కావాలి. గోడలు లేనిచోట చీకటి పొద్దు గుంకాకే దొరుకుతుంది. పగటి ఆటకు గోడలు తప్పనిసరి. సాయంత్రాన్ని 'మొదటి'దిగా లెక్కించే అలవాటు, ఆట చీకటితోనే మొదలైన కాలానికి చక్కగా సరిపోతుంది.

అన్నిటికంటే విలువైన పదం 'నేల'. శాశ్వత హాళ్లలో తెరకు దగ్గరగా, తక్కువ ధరకు దొరికే తరగతి ఇది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అన్న వరుసలో డేరాలోని ఇసుకనేల హాలు లోపలికి వచ్చి ఒక తరగతిగా స్థిరపడింది. సిమెంటు వేసినా, కుర్చీలు వేసినా ఆ పేరు చాలాకాలం మారలేదు. తమిళ సమాజాన్ని దృష్టిలో ఉంచుకుని కార్తిగేసు శివతంబి, అందరూ ఒకే కప్పు కింద కూర్చున్న తొలి ప్రదర్శనస్థలం సినిమా హాలేనని, అక్కడ స్థానాన్ని నిర్ణయించింది సామాజిక హోదా గాక కొనుగోలుశక్తి అని ప్రతిపాదించారు. తెలుగు 'నేల'కు ఈ మాట సగమే వర్తిస్తుంది. నేలమీద కూర్చున్నవారిలో అధికులు ఊళ్లోనూ అట్టడుగున ఉన్నవారే. అయినా తోలుబొమ్మలాట నాడు దూరంగా నిలబడవలసినవాడు, ఇక్కడ కొన్ని అణాలతో తెరకు అందరికంటే దగ్గరగా కూర్చునే హక్కు సంపాదించుకున్నాడు. తెరమీద నాయకుడు ప్రవేశించగానే ఈలలతో, కాగితపు పూలతో మొదటగా స్పందించింది ఈ తరగతే. తెలుగు సినిమా తన ప్రేక్షకుడిగా భావించి సంభాషణలు రాసుకున్నదీ ఎక్కువగా వీరికోసమే.

5. ప్రభుత్వపు తెర

డేరాకు సమాంతరంగా టికెట్టు లేని మరో తెర నడిచింది. దీనికి దారి తీసింది ఒక సాంకేతిక మార్పు. 1923లో కోడాక్ సంస్థ ప్రవేశపెట్టిన 16 మి.మీ. ఫిల్ము, నైట్రేట్‌లా భగ్గున మండని 'సేఫ్టీ' ఫిల్ము. దానికి మంటలను ఆపే ప్రత్యేక గది అక్కర్లేదు. యంత్రం చిన్నది, ఒక వాహనంలో ఇమిడిపోతుంది. స్వాతంత్ర్యానంతరం 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలను, 1953లో పంచవర్ష ప్రణాళికల ప్రచారం కోసం మొదలై తర్వాత క్షేత్ర ప్రచార విభాగంగా మారిన సంస్థ వాహనాలు గ్రామాలకు మోసుకెళ్లాయి. బడిగోడ, పంచాయతీ ఆవరణ, రచ్చబండ పక్కన కట్టిన దుప్పటి తెరలయ్యాయి. కుటుంబనియంత్రణ, మశూచి టీకా, సంకరజాతి విత్తనాలు కథావస్తువులయ్యాయి.

ఈ తెరకు వెలుగు, శబ్దం, నేల అనే మూడింటికీ కంచె లేదు. కాని ఏ చిత్రం చూడాలన్నది ప్రేక్షకుడి చేతిలో లేదు. డేరాలో నచ్చని ప్రేక్షకుడు మర్నాడు రాడు, యజమాని నష్టపోతాడు. ప్రభుత్వ తెర ముందు కూర్చున్నవాడికి ఆ అధికారం కూడా లేదు. అతడు ప్రేక్షకుడు కాదు, లబ్ధిదారుడు.

ఈ ధోరణికి పరాకాష్ఠ 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు ఎంపికయ్యాయి. నేటి రంగారెడ్డి జిల్లా గ్రామీణ ప్రాంతాలు అప్పటి హైదరాబాదు జిల్లాలోనివి. సామూహిక టెలివిజన్ పెట్టె ముందు సాయంత్రం నేలమీద కూర్చున్న గ్రామస్థులు చూసింది సినిమా కాకపోయినా, ప్రదర్శన పద్ధతి మాత్రం ఆరుబయట తెరదే. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. మరుసటి దశాబ్దంలో పెట్టె పంచాయతీ నుంచి ఇంట్లోకి చేరింది. డేరా క్షీణతకు అది ఒక ప్రధాన కారణం.

అదే 16 మి.మీ. యంత్రాన్ని ప్రభుత్వేతరంగా వాడవచ్చునని కేరళలో జాన్ అబ్రహాం మిత్రబృందం 'ఒడెస్సా' నిరూపించింది. 1984లో ఏర్పడిన ఆ సంస్థ ప్రజల చందాలతో 1986లో 'అమ్మ అరియాన్' నిర్మించి ఊరూరా చూపింది. తెర ఒకటే, యంత్రం ఒకటే. నేలమీద కూర్చున్నవాడు లబ్ధిదారుడా, భాగస్వామా అన్నదే తేడా.

6. పండుగ పందిరి

తెలుగు ఊళ్లలోనూ, హైదరాబాదు బస్తీల్లోనూ మూడో రకం ఆరుబయట ప్రదర్శన పండుగల చుట్టూ పెరిగింది. శ్రీరామనవమి, వినాయక చవితి పందిళ్లలో చందాలు పోగుచేసి 16 మి.మీ. యంత్రాన్ని అద్దెకు తెచ్చేవారు. 1980ల తర్వాత ఆ స్థానంలో రంగుల టీవీ, వీడియో ప్లేయరు వచ్చాయి. రాత్రంతా మూడేసి చిత్రాలు వేయడం పరిపాటి. ఇక్కడ నేల వీధిదే. పగలు దారి, రాత్రి ప్రేక్షకస్థలం. చాపలు, దుప్పట్లు ఎవరివి వారు తెచ్చుకునేవారు. ఏ చిత్రం వేయాలన్నది చందా ఇచ్చినవారి వాదోపవాదాల్లో తేలేది. ప్రేక్షకులు తమ సినిమాను తాము ఎంచుకున్న సందర్భం ఈ చరిత్రలో బహుశా ఇదొక్కటే.

చట్టం దృష్టిలో ఈ ప్రదర్శనల్లో చాలావాటికి అనుమతులు లేవు. కాపీరైటు చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు హక్కుదారు అనుమతి అవసరం. కనుకనే అధికార పత్రాల్లో వీటి ఆచూకీ తక్కువ. లైసెన్సు, పన్ను పత్రాల ఆధారంగా మాత్రమే చరిత్ర రాస్తే పందిరి సినిమా అసలు జరగనట్టే అవుతుంది. మౌఖిక చరిత్ర పద్ధతి ఇక్కడ అనివార్యమని చెప్పడానికి ఇదే కారణం.

7. నగరపు పచ్చికబయలు

2003లో హైదరాబాదులో ప్రసాద్స్ ప్రారంభమయ్యాక మల్టీప్లెక్సుల కాలం మొదలైంది. వాటిలో 'నేల' లేదు. తక్కువ ధర తరగతి క్రమంగా మాయమై, ప్రేక్షకుల్లో ఒక పెద్ద భాగం హాలుకు దూరమైంది. ఆ తర్వాతనే నగరాల్లో ఆరుబయట సినిమా కొత్త రూపంలో తిరిగి వచ్చింది. డ్రైవ్-ఇన్ పద్ధతి దేశంలో ముందునుంచే ఉంది. అహ్మదాబాదులో అది 1973 నాటిది. డిజిటల్ ప్రొజెక్టరు, గాలి నింపే తెర అందుబాటులోకి వచ్చాక ఏ పచ్చికైనా, ఏ మేడైనా ఒక్క సాయంత్రానికి హాలు కాగలిగింది. 2020లో కరోనా వల్ల హాళ్లు మూతపడినప్పుడు ఈ పద్ధతిపై ఆసక్తి మరింత పెరిగింది.

ఈ ప్రదర్శనల్లో ప్రేక్షకుడి చెవికి వైర్‌లెస్ హెడ్‌ఫోన్ తగిలించడం మామూలైంది. దీన్ని హంగుగా మాత్రమే చూడకూడదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగస్థలాల్లో లౌడుస్పీకర్లు నిషిద్ధం. వేసవిలో హైదరాబాదులో తెర కనిపించేంత చీకటి పడేసరికి ఏడు దాటుతుంది. మూడు గంటల తెలుగు సినిమా ఆ గడువులో ముగియదు. హెడ్‌ఫోన్ ఈ చిక్కును తీర్చింది. కాని దానితోపాటు డేరా చరిత్రలో ఎన్నడూ మూతపడని ద్వారం ఒకటి మూతపడింది. కంచె అవతల నిలబడినవాడికి నేడు పాట కూడా వినిపించదు. దూరం నుంచి చూస్తే మౌనంగా మెరుస్తున్న తెర, మౌనంగా నవ్వుతున్న జనం. వెలుగును దాచి శబ్దాన్ని వదిలిన డేరాకు ఇది సరిగ్గా తలకిందుల రూపం.

పేరులోనూ తేడా ఉంది. పచ్చికపై దిండ్లు, దుప్పట్లు పరిచి నేలమీద కూర్చోబెట్టినా ఆ స్థలాన్ని 'నేల' అని ఎవరూ అనరు. ఒకప్పుడు పేదరికానికి గుర్తైన నేల, ఇక్కడ డబ్బు చెల్లించి కొనుక్కునే అనుభవం.

8. పహాడీ షరీఫ్: రెండు రకాల ఖాళీ నేల

ఈ చర్చను ఒక స్థలంలో నిలిపి చూడటం అవసరం. హైదరాబాదు - శ్రీశైలం రహదారిపై పహాడీ షరీఫ్ ఉంది. దక్కనుకు 13వ శతాబ్దిలో వచ్చిన సుహ్రవర్దీ సంప్రదాయ సూఫీ బాబా షర్ఫుద్దీన్ దర్గా ఇక్కడి కొండపై వెలసింది. ఏటా షాబాన్ మాసంలో జరిగే ఉర్సుకు జనం తరలివస్తారు. తాత్కాలిక దుకాణాలు, దీపాలు, ఖవ్వాలీలతో ఉర్సు ఒక సంచార నగరం లాంటిది. రాకకు టికెట్టు లేదు, మతభేదమూ పాటించరు. సోమనాథుడు వర్ణించిన శ్రీశైల జాగరణకూ, ఇదే దారిలోని ఈ కొండ కింది రాత్రికీ మతం వేరైనా, జనం గుమికూడే తీరులో పోలిక ఉంది. డేరాలు వెతుక్కుంటూ వెళ్లింది సరిగ్గా ఇటువంటి జాతర నేలలనే.

ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. సుమారు 5500 ఎకరాల ఆ ప్రాంగణం చుట్టూ భూమి విలువ, స్వభావం రెండూ మారాయి. బీళ్లు, రాళ్లగుట్టలు, పొలాలు ఉన్నచోట వెంచర్లు, గోదాములు, విందుశాలలు, ప్రహరీల మధ్య పచ్చికబయళ్లు వచ్చాయి. తాత్కాలిక తెర కట్టడానికి అనువైన స్థలం ఇప్పుడు ఎక్కువే. కాని అది అద్దె చెల్లించి, ప్రహరీ దాటి, కారులో చేరవలసిన స్థలం. ఆకాశానికి కూడా నియమం వచ్చింది. విమానాల రాకపోకలకు అడ్డుతగిలే కాంతిపుంజాలపై ఆంక్షలుంటాయి గనుక ఇక్కడ వెలుగును ఎటు ప్రసరింపజేయాలన్నదీ అనుమతికి లోబడిన విషయమే.

ఒకే ప్రాంతంలో రెండు రకాల ఖాళీ నేల ఉన్నదన్నమాట. ఒకటి ఆచారం కాపాడుతున్నది, ఎవరైనా వచ్చి కూర్చోగలిగినది. రెండవది పెట్టుబడి కాపాడుతున్నది, సొమ్ము చెల్లించినవారు కూర్చోగలిగినది. మొదటిదానికి రక్షణగా ఉన్నది జనం అలవాటు మాత్రమే. నగరం విస్తరించే కొద్దీ కుదించుకుపోయేది అదే. ఆరుబయట సినిమా 'తిరిగి వచ్చింది' అని మనం సంతోషించే ముందు, ఏ నేలమీదికి తిరిగి వచ్చిందో అడగవలసి ఉంటుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలివి. తోలుబొమ్మలాటకు భౌతికమైన కంచె లేకపోయినా కులం గీసిన గీత ఉంది. డేరా ఆ గీతను చెరిపి టికెట్టు గీతను గీసింది, అయితే శబ్దాన్ని ఊరికి వదిలింది. ప్రభుత్వ తెర అన్ని ద్వారాలూ తెరిచి ఎంపికను తన వద్ద ఉంచుకుంది. పందిరి ఎంపికను వీధికి ఇచ్చి చట్టం కంటికి ఆనకుండా బతికింది. నేటి పచ్చికబయలు గోడలు తీసేసి, నేలనూ శబ్దాన్నీ కూడా మూసింది. గోడలు లేకపోవడం, అందరికీ తెరిచి ఉండటం ఒకటి కావని ఈ క్రమం చెబుతుంది.

పరిశోధకుల ముందు రెండు పనులున్నాయి. జిల్లా కచేరీల్లోని సంచార సినిమా లైసెన్సు దస్త్రాలు, వినోదపు పన్ను పద్దులు, కరపత్రాలు శిథిలం కాకముందే సేకరించడం మొదటిది. డేరాల్లో యంత్రం నడిపినవారు, టికెట్లు చింపినవారు, పందిళ్లకు చందాలు పోగుచేసినవారు వృద్ధాప్యంలో ఉన్నారు. వారి మాటలను నమోదు చేయడం రెండవది. తోలుబొమ్మలాటను జానపద విజ్ఞానంలోనూ, సురభిని నాటకచరిత్రలోనూ, డేరాను సినిమా చరిత్రలోనూ విడివిడిగా ఉంచడం వల్ల వీటిని కలిపే నేల మన దృష్టికి రాలేదు. ఆ నేలను అధ్యయనాంశంగా స్వీకరించడానికి తెలుగు శాఖలకు ఉన్నంత అర్హత మరే శాఖకూ లేదు. దాని చరిత్రలో పెద్దభాగం ఆట, బొమ్మ, తెర, నేల అనే నాలుగు తెలుగు మాటల్లోనే భద్రంగా ఉంది.